కృపావరం గుడ్డ

కొల్లేటి గట్ల మీద చేపల చెరువు చేసేవాళ్లు పొద్దున్నే లేచి, పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని, మొట్టమొదట చూసేది ఎగువ చెరువు తూము వైపు. తూము పక్కన పాతిన వెదురు కర్రకి ఎర్ర గుడ్డ కట్టి ఉందంటే ఆ చెరువులో జబ్బు పడ్డట్టు. ఆ చెరువు నీళ్లు డ్రెయిన్లోకి వస్తాయి. డ్రెయిన్లో నీళ్లనే దిగువవాళ్లు తోడుకోవాలి. కాబట్టి గుడ్డ దిగేదాకా ఇంజను ముట్టుకోకూడదు. గుడ్డ లేదంటే నీళ్లు మంచివే. చదువొచ్చినవాడికీ రానివాడికీ ఒకటే కట్టుబాటు. జనం దాన్ని కృపావరం గుడ్డ అనేవారు.

కృపావరం సైంటిస్టేమీ కాదు. సీసాలు కడిగేవాడు. దెందులూరు పక్క పల్లెలో పుట్టాడు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్షకి ఫీజు కట్టమని తండ్రి ఇచ్చిన డబ్బుతో చెల్లెలు పుష్పమ్మకి చెప్పులు కొని, ఆ చదువు గొడవ అంతటితో వదిలించుకున్నాడు. 1984లో, గుండుగొలను దాటాక కొల్లేటి వైపు దిగే రోడ్డు పక్కనున్న ప్రభుత్వ చేపల పరిశోధన కేంద్రంలో రోజు కూలీగా చేరాడు. రైతులు పరీక్షకని చెరువు నీళ్లు క్వార్టరు సీసాల్లో పట్టుకొచ్చేవారు. సీసాలో మందు వాసన మిగిలితే పరీక్ష తప్పుతుంది. అందుకని సీసాలన్నీ వేణ్ణీళ్లతో కడిగి, ఎండబెట్టి, రైతులకి ముందే ఇచ్చి పంపడం అతని పని. పదేళ్లు తిరిగేసరికి చేప మొప్ప ఎత్తి ఒక్కసారి వాసన చూసి, లోపలివాళ్లు మైక్రోస్కోపు అద్దాలు సర్దుకునేలోపు జబ్బేమిటో చెప్పేవాడు. చెప్పినందుకు జీతం పెరగలేదు. పర్మినెంటూ కాలేదు.

గుడ్డ ఆలోచన రామమూర్తి గారిది. ఆయన అప్పట్లో కేంద్రానికి పెద్ద. చేప నోట పెట్టి ఎరగని బ్రాహ్మడు, రోజుకి నలభై చేపల్ని మాత్రం చేత్తో పట్టి చూసేవాడు. ఎర్రమచ్చల జబ్బొచ్చి కొల్లేరంతా కంపు కొట్టిన ఏడు, రిపోర్టు రాసి పోస్టులో వేస్తే చేరేసరికి నాలుగు రోజులు పట్టేది. ఈలోపు దిగువన పది చెరువులు తేలిపోయేవి.

"ఏవయ్యా కృపావరం, రైలోళ్లకున్న పాటి తెలివి మనకి లేకపోతే ఎలాగయ్యా?" అని, దస్త్రాలు కట్టే ఎర్ర బట్ట పరపరా చింపి ఇచ్చాడు రామమూర్తి గారు. "సైకిలెక్కు. జబ్బు చెరువు తూముకల్లా ఇది కట్టేసిరా. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."

అడిగినవాళ్లు లేకపోలేదు. ఒకాయన కొట్టడానికొచ్చాడు. కానీ మరుసటేడు ఆయన చెరువుకి ఎగువన గుడ్డ కనపడి, నీళ్లు తోడకుండా ఆగి, చేపలు దక్కాక, తనే రెండు పెద్ద బొచ్చె చేపలు పట్టుకొచ్చి కృపావరం ఇంట్లో పెట్టి పోయాడు. అలా పదేళ్లపైన సాగింది. ఏ ఫైల్లోనూ ఆ పద్ధతి లేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

రామమూర్తి గారు రిటైరయ్యాక వెంకటకృష్ణ గారు వచ్చాడు. ఆయన్ని దుర్మార్గుడని రాసేస్తే పని సులువవుతుంది. కాదు. పైనుంచి ఆయన మెడ మీద కాగితం పెట్టారు. కేంద్రం తన ఖర్చులో మూడో వంతు తనే సంపాదించుకోవాలి, రెండేళ్లలో సంపాదించలేకపోతే మూసేసి మనుషుల్ని తలో చోటుకీ పంపేస్తారు. ఆయన వచ్చిన మూడో నెల్లో స్టాఫునంతా కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఇకమీదట రైతు అనకూడదు, క్లయింట్ అనాలి. పరీక్ష అనకూడదు, సర్వీసు అనాలి. ఏడాది కాంట్రాక్టు రాసుకున్న పెద్ద ఆసాములకి ముందు, విడిగా వచ్చేవాళ్లకి తర్వాత.

"తేడా ఏంటండీ?" అని కృపావరం తర్వాత శ్యామలగారిని అడిగాడు. ఆవిడ రిపోర్టులు రాసే టెక్నీషియన్, పదిహేనేళ్లుగా అదే బల్ల దగ్గర కూర్చుంటోంది.

"రైతయితే బెంచీ, క్లయింటయితే కుర్చీ," అంది శ్యామల తల ఎత్తకుండానే. "నువ్వు రెండూ తుడవాలి."

నవ్వుకున్నారు. అప్పటికింకా నవ్వు వచ్చేది.

ముదినేపల్లి వైపు ఒక ఆసామి ఉన్నాడు. కొల్లేట్లో అతని చెరువులు వంద ఎకరాల పైమాటే. మొదటి కాంట్రాక్టు అతనే రాశాడు. 2003 మేలో అతని చెరువు తూముకి అలవాటు ప్రకారం కృపావరం గుడ్డ కట్టాడు. ఆ వారంలోనే కలకత్తా లారీలవాళ్లు గుడ్డ చూసి బేరం సగానికి దింపేశారు. ఆసామి గుడ్డ పీకి చుట్టచుట్టి తెచ్చి వెంకటకృష్ణ గారి బల్ల మీద పడేశాడు. "డబ్బిచ్చి మరీ పరువు తీయించుకోడానికాండీ మీతో కాయితం రాసుకుందీ?"

సాయంత్రం వెంకటకృష్ణ గారు కృపావరాన్ని గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో కృపావరానికి కుర్చీ చూపించిన వాళ్లు లేరు. రామమూర్తి గారు కూడా నిలబెట్టే మాట్లాడేవాడు.

"కృపావరం గారూ, రోజు కూలీలు ఎనిమిదిమంది ఉన్నారు. ఇద్దర్ని పర్మినెంట్‌కి పంపమన్నారు. మిగతావాళ్లని లేబర్ ఏజెన్సీకి అప్పజెప్పేయాలి. మీ పేరు మొదట పెడుతున్నానండి నేను."

కృపావరం కుర్చీలోంచి లేచి చేతులు జోడించాడు. "చల్లగా ఉండండి సార్," అన్నాడు.

"ఒకటేనండి. ఆ గుడ్డ ఆపెయ్యాలి. రిపోర్టు క్లయింటు సొత్తు. మనం బయట పెట్టకూడదు. డిసెంబర్లో ఆర్డర్లొస్తాయి, అప్పటిదాకా మీ మీద ఒక్క కంప్లయింటు రాకూడదు. ఆయ్?"

"ఆయ్, అలాగేనండి. మరి... గుడ్డలు ఆపేశామని జనానికి చెప్పొద్దాండీ?"

"చెబితే ఎందుకాపేరని అడుగుతారు. అదో గొడవ. నోటీసు పెడతాను లెండి."

నోటీసు పెట్టారు. ఇంగ్లీషులో. ఆఫీసు లోపలి బోర్డు మీద, సెలవుల జాబితా పక్కన. మర్నాటి నుంచి కృపావరానికి ఒక రబ్బరు స్టాంపు ఇచ్చారు. రిపోర్టు కవరు మీద 'గోప్యం' అని వేయాలి. సిరా ఎరుపే. మిగిలిన గుడ్డలు ఆరు, ఉతికి మడతపెట్టి సీసాల అలమరలో అడుగున పెట్టాడు.

ఇక్కడే అందరూ పప్పులో కాలేశారు. గుడ్డ కడితే జబ్బని జనానికి తెలుసు. కట్టకపోతే మంచిదనీ తెలుసు. కట్టేవాడే మానేశాడని మాత్రం తెలీదు. జూన్ నుంచి కొల్లేట్లో ఏ కర్ర చూసినా ఉత్తదే. జనం సంతోషించారు.

పుష్పమ్మ కూడా సంతోషించింది. ఆమె, మొగుడు మాణిక్యం ఇరవయ్యేళ్లు ఒకరి చెరువుల్లో కూలికి వల లాగినవాళ్లు. ఆ యేడే మొదటిసారి నాలుగెకరాల చెరువు కౌలుకి తీసుకున్నారు. దానికి పెట్టిన పెట్టుబడి పుష్పమ్మ మెళ్లో గొలుసూ, ఇంటి పాడిగేదే. ఆ చెరువుకి సరిగ్గా ఎగువన ఉంది ముదినేపల్లి ఆసామిది. దిగువన హన్నమ్మ అనే ముసలామెది, మూడెకరాలు.

నవంబర్లో చర్చిలో కోతపండగకి పుష్పమ్మ దెందులూరొచ్చింది. పెద్ద శీలావతి చేప తెచ్చి బలిపీఠం ముందర పెట్టింది. ప్రార్థనయ్యాక అన్న ఇంట్లో భోజనం. కృపావరం భార్య ప్రభావతి వడ్డిస్తోంది.

"ఏంటొదినా, అన్నయ్యకి పర్మినెంటంటగా!" అంది పుష్పమ్మ.

"ఆ, అంటన్నారు. ఈయనకి ఇక్కడ పర్మినెంటయ్యేలోపు నాకు పరలోకంలో పర్మినెంటయిపోద్ది," అంది ప్రభావతి.

మాణిక్యం పగలబడి నవ్వాడు. "బావగారూ, మీరు పర్మినెంటయితే మా చెరువు కాడ ఏటపోతుని కోస్తానండి. ముందే చెబుతున్నా."

పుష్పమ్మ మాత్రం నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని, చిన్నప్పుడు చెప్పులు తొడుక్కున్ననాటి ముఖంతో అంది. "నీ గుడ్డ ఉంది కాబట్టి కంటికి కునుకు పడతంది అన్నయ్యా. నాకు చదువా పాడా. పొద్దున్న లేచి పైతూము చూడ్డం, గుడ్డ లేదు కదాని ఇంజనెయ్యడం. ఐదు నెలలయ్యింది, ఒక్కనాడు కనపళ్లేదు. ఈ ఏడు దేవుడు కొల్లేటిని చల్లగా చూశాడు."

కృపావరం చెబుదామనే అనుకున్నాడు. నోట్లో మాట సిద్ధంగా ఉంది. గుడ్డల్లేవే పుష్పా, ఆపేశారు. మూడే మాటలు. కానీ పుష్పమ్మకి చెబితే మాణిక్యానికి తెలుస్తుంది. మాణిక్యానికి తెలిస్తే రేపటికి గట్టంతా తెలుస్తుంది. గట్టంతా తెలిస్తే ముదినేపల్లి ఆసామికి తెలుస్తుంది. డిసెంబరు ఇంకెంత, మూడు వారాలు. ఆర్డరు చేతికొచ్చిన మర్నాడే చెరువు చెరువుకీ తిరిగి చెబుతాను అనుకున్నాడు.

"తిను, చల్లారిపోద్ది," అన్నాడు చెల్లెలితో.

డిసెంబరు రెండో వారంలో మంచు దిగింది. ఒక బుధవారం ముదినేపల్లి ఆసామి జీపులో సీసాలూ, తడిగోనెలో నాలుగు చేపలూ వచ్చాయి. కృపావరం మొప్ప ఎత్తాడు. వాసన చూడక్కర్లేకపోయింది. మొప్ప తెల్లబడి, పీచు పీచుగా, వేలికి ఊడి వస్తోంది. సీసా మీద చీటీ చదివాడు. పుష్పమ్మ పైచెరువు.

శ్యామల రిపోర్టు రాసింది. చెరువులో నీళ్లు సగం తీసేసి కొత్తవి పెట్టమని సలహా. ఆ తీసేసే నీళ్లు ఎక్కడికి పోతాయో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆమె కాగితం ఇటు తోసి కిటికీ వైపు చూసింది.

"స్టాంపెయ్యి కృపావరం."

"అమ్మా, దిగువన మా చెల్లెలిదండి."

"నాకు తెలుసయ్యా. మా ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారని నీకూ తెలుసు. నేను ఏమీ వినలేదు, నువ్వు ఏమీ అనలేదు."

స్టాంపు వేశాడు. మధ్యాహ్నం బువ్వ మానేసి, అలమర అడుగునుంచి ఒక గుడ్డ తీసి చొక్కాలో పెట్టుకుని సైకిలెక్కాడు. ఆసామి చెరువు గట్టు మలుపు తిరిగేసరికి ఆఫీసు జీపు కనపడింది. కాపలాదారు పాక ముందు వెంకటకృష్ణ గారూ, ఆసామీ టీ తాగుతున్నారు. ఆసామి చెయ్యెత్తి, "రావయ్యా కృపావరం, టీ తాగుదువు!" అని ఆప్యాయంగా పిలిచాడు.

వెళ్లి తాగాడు. గుడ్డ చొక్కా లోపల ఒంటికి చల్లగా తగులుతోంది. తాగినంతసేపూ తనకి తను సర్దిచెప్పుకున్నాడు. పుష్ప మొన్న శనివారమే నీళ్లు తోడిందిగా, ఇంకో పది రోజులు ఇంజను ముట్టుకోదు. ఈలోపు ఆర్డరొచ్చేస్తుంది. గ్లాసు కడిగి ఇచ్చి వెనక్కి తిరిగాడు. చెల్లెలి చెరువు అక్కడికి రెండు ఫర్లాంగులు. ఆ దారిన పోలేదు.

పుష్పమ్మ శుక్రవారం నీళ్లు తోడింది. చలికి చేపలు మేత తినడం లేదని, కొత్త నీళ్లు పెడితే తేరుకుంటాయని. పొద్దున్నే పైతూము చూసే తోడింది.

మరుసటి గురువారానికి మేతకని తవుడు సంచులు కట్టిన వెదుళ్ల చుట్టూ తెల్లగా పొట్టలు తేలాయి. శనివారానికి చెరువు కనపడలేదు, చేపలే కనపడ్డాయి. దోనె వేసుకుని గంపలతో ఎత్తి గట్టు మీద గుంట తీసి పూడ్చారు. కాకులూ కొంగలూ తిన్నన్ని తిన్నాయి. క్రిస్మస్ ఇంకా ఐదు రోజులుంది. మాణిక్యం గట్టు మీద అలాగే కూర్చుండిపోయాడు.

సోమవారం పుష్పమ్మ పరిశోధన కేంద్రానికి వచ్చింది. అన్న ఆఫీసుకి ఆమె రావడం అదే మొదలు. ఒక చేతిలో క్యారీబ్యాగులో చచ్చిన బొచ్చె, ఇంకో చేతిలో క్వార్టరు సీసా. కౌంటరులో ఉన్నది కృపావరమే. క్లయింటు ఫారం ముందు పెట్టి పేరు తనే రాశాడు. ఫీజు తన జేబులోంచి వేశాడు. పుష్పమ్మ బెంచీ మీద కూర్చుని అతని చేతులే చూస్తోంది.

"అన్నయ్యా, పైచెరువులో వారం కిందటే చచ్చినయ్యంట. కాపలా వాడు చెప్పేడు. మీకు తెలీలేదా? ఆళ్లు ఇక్కడికి తేలేదా?"

కృపావరం కలం మూత పెట్టాడు.

"తెచ్చేరు."

"మరి గుడ్డ కట్టలేదేం?"

"గుడ్డలు ఆపేశారమ్మా."

"ఎప్పుడు?"

"జూన్లో."

పుష్పమ్మ వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టింది. కోతపండగ దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

"జూన్ నుంచీ రోజూ చూస్తన్నాను కదా నేను," అంది చిన్నగా. "పొద్దున్నే లేచి. రోజూ."

తిట్టలేదు. ఏడవలేదు. తిడితే కృపావరం బతికిపోయేవాడు.

మర్నాడే పోస్టులో ఆర్డర్లొచ్చాయి. కృపావరం పేరు ఉంది. పర్మినెంటు కాదు, పదకొండు నెలల కాంట్రాక్టు. పని బాగుంటే మళ్లీ రాస్తారట. "నేను పంపింది అది కాదండి, పైన మార్చేశారు," అన్నాడు వెంకటకృష్ణ గారు. అబద్ధం చెప్పలేదు, పాపం. ఆయన కూడా అప్పటికి బదిలీ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. కృపావరం ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి ప్రభావతికిచ్చాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, పప్పుడబ్బా కింద పెట్టి, పొయ్యి వెలిగించుకుంది.

పుష్పమ్మ రిపోర్టు బుధవారం తయారైంది. అదే మొప్పల జబ్బు, అదే సలహా. నీళ్లు తీసెయ్యాలి. కవరు మీద గోప్యం అని కృపావరమే కొట్టి, స్వయంగా పట్టుకెళ్లాడు. చొక్కాలో గుడ్డ కూడా ఉంది. ఈసారి ఎవరున్నా ఆగదల్చుకోలేదు. పోతే పోనీ పదకొండు నెలలు. దిగువన హన్నమ్మ చెరువుంది. ముసల్ది, ఒంటరిది, మూడెకరాలూ నమ్ముకుని బతుకుతోంది.

అతను వెళ్లేసరికి పొద్దు బారెడెక్కింది. మాణిక్యం తూము పలక ఎత్తడానికి గునపం సందులో దూర్చి ఉన్నాడు. కృపావరం కవరు చెల్లెలికిచ్చి, గుడ్డ బయటికి తీశాడు. వెదురు కర్ర దగ్గరికి నడిచాడు.

"ఏం చేస్తన్నావన్నయ్యా?" అంది పుష్పమ్మ వెనకనుంచి.

"హన్నమ్మ నీళ్లు తోడుద్దే. గుడ్డ కట్టి, అప్పుడు వదలండి."

"కడితే వదలనిస్తదా? గట్టంతా వచ్చి తూముకి అడ్డం పడుకుంటారు. నీళ్లు తియ్యకపోతే ఆ మిగిలిన నాలుగు చేపలూ చస్తాయి, పైచెరువుకి మీ ఆఫీసోళ్లే అలా రాశారంట, కాపలా వాడు చెప్పేడు." ఆమె కవరు ఎత్తి పట్టుకుంది. ఎర్ర ముద్ర మీద వేలు పెట్టింది. "ఇదేం రాసుంది?"

"గోప్యం."

"అంటే?"

"ఎవరికీ చెప్పకూడదని."

"మరి నువ్వే కొట్టేవు కదా ముద్ర." ఆమె గొంతులో కోపం లేదు. అలిసిపోయిన మనిషి బేరం తెంచుకుంటున్నట్టుంది. "ముదినేపల్లాయన తూముకి కట్టలేకపోయేవు. నా తూముకి కట్టడానికి వచ్చేవా అన్నయ్యా?"

మాణిక్యం గునపం పట్టుకుని బావగారి వైపు చూస్తూ నిలబడ్డాడు. కొట్టేటట్టూ లేడు, బతిమాలేటట్టూ లేడు. కృపావరం చేతిలో గుడ్డ పిడికిట్లో ముద్దయింది. నెమ్మదిగా దాన్ని చొక్కాలోకి తోశాడు. మాణిక్యం గునపం మీద బరువు వేశాడు. పలక కీచుమని లేచింది. నీళ్లు నురగలు కక్కుకుంటూ డ్రెయిన్లో పడ్డాయి.

దిగువ గట్టు మీదికి హన్నమ్మ వచ్చింది. అలవాటు ప్రకారం నుదుటికి చెయ్యడ్డం పెట్టుకుని ఇటు చూసింది. ఉత్త కర్ర కనపడింది. కర్ర పక్కన స్వయానా కృపావరమే కనపడ్డాడు. ముసలిదాని ముఖం విప్పారింది.

"వందనాలు కృపావరం బాబూ!" అని కేకేసింది. "తోడుకోవచ్చాండీ?"

పుష్పమ్మ అన్న ముఖంలోకి చూస్తోంది. కృపావరం ఖాళీ చెయ్యి పైకెత్తాడు. "వందనాలమ్మా," అన్నాడు. అంతకన్నా ఇంకేం అనలేదు.

హన్నమ్మ వెనక్కి తిరిగి పాకలోకి వెళ్లింది. కాసేపటికి ఆమె ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.